అర వడ్డన

మా హోటల్లో రెండే కొలతలు.
పూర్తి. సగం.
సగం ఒకరికి, పూర్తి ఇద్దరికి.
బరేరు ఊరందరికీ తెలిసిన లెక్కే ఇది.
లిస్బన్ నుంచి పడవ దిగి వచ్చే కొత్తవాళ్లే
తలా ఒక పూర్తి చెప్పేస్తారు.
రెండు చేతులా పళ్లేలు మోసుకుంటూ నేను వస్తుంటే
వాళ్ల కళ్లు ముందు పెద్దవవుతాయి,
తర్వాత తప్పు చేసినట్టు కిందికి దిగుతాయి.
"ఇది గుర్రానికా?" అని అడిగింది ఒకావిడ.
కాదమ్మా, రైలు వర్క్‌షాపులో సుత్తి ఎత్తినవాడికి, అన్నాను.
ఆ సుత్తి దిగి ఎన్నేళ్లయిందో చెప్పలేదు.

వంటింట్లో ఇదలీనా గరిటె ఉంది.
ముప్పై ఒక్క ఏళ్లు ఒకే కుండ అడుగు గీకి గీకి
దాని అంచు ఒకవైపు అరిగి వాలిపోయింది.
ఆ వాలులో ఎంత నిలిస్తే అంత, సగం.
మోచేయి నొప్పి పెట్టిన రోజు సగం కాస్త చిక్కిపోతుంది.
కూతురు ఫోన్ చేసిన రోజు
సగం పొంగి పళ్లెం అంచు దాటుతుంది.
పైన కొసరు ఎలాగూ ఉంటుంది,
దానికి మెనూలో పేరు లేదు, ధరా లేదు.

మార్చిలో యజమాని కొడుకు తూకం తెచ్చాడు.
ఎర్ర అంకెలు వెలిగే తూకం.
సగం అంటే ఇకమీదట రెండు వందల ఎనభై గ్రాములు.
పిల్లి తెచ్చి గడపలో పడేసిన ఎలుకను చూసినట్టు
ఇదలీనా దాన్ని చూసింది.

అప్పట్నుంచీ భోజనం కన్నా మాటలే ఎక్కువ వడ్డిస్తున్నాను.
జువెనాల్ చిక్కుడు గింజలు ఫోర్కుతో లెక్కపెట్టి
"తొమ్మిదిమందిని కన్న మా అమ్మ కూడా
ఇంత పిసినారి కాదు" అన్నాడు.
మందుల షాపు అమ్మాయి మాత్రం
చుట్టూ చూసి, గొంతు తగ్గించి,
"నాకిదే బావుంది, ఇన్నాళ్లూ పారేయలేక తినేసి
మధ్యాహ్నమంతా కౌంటర్ వెనక కునికేదాన్ని" అంది.
కిటికీ దగ్గరి ముసలాయన
పళ్లెం పెద్దదైందని ఫిర్యాదు చేశాడు.
పళ్లెం అదే.
బెల్మీరు ఏమీ అనలేదు.
రొట్టె ఇంకోసారి అడిగాడు. మళ్లీ ఇంకోసారి.

గురువారం గ్రాసియేత్ వచ్చింది, ఒక్కతే.
జనవరి దాకా ఇద్దరూ వచ్చేవాళ్లు,
చిక్కుళ్లతో వండిన కణవ చేప, ఒక పూర్తి.
ఆమె నాలుగు ముద్దలు తిని గరిటె ఆనించేది.
అబీలియు పళ్లెం తనవైపు లాక్కుంటూ
"మా ఆవిడ పిట్ట తిండి" అని
పక్క బల్లలకు వినిపించేలా నవ్వేవాడు.

సగం, అంది. రాసుకున్నాను.
సరిగ్గా రెండు వందల ఎనభై.
మిగిలించి వెళుతుందనుకుని డబ్బా కూడా తీసి ఉంచాను.
నేను నీళ్లు పట్టుకెళ్లేసరికి
పళ్లెం కడిగినంత తెల్లగా ఉంది,
రొట్టె ముక్కతో పులుసు చివరి చుక్క తుడుస్తోంది.
"ఇంకో సగం."
నా ముఖంలో ఏం కనిపించిందో మరి,
"వాడికి చాలదయ్యా," అంది,
"నలభై ఏళ్లు వదిలేదాన్ని.
ఇంటికెళ్లి నిలబడే జున్నుముక్క నోట్లో వేసుకునేదాన్ని."
ఏడవలేదు. ఆకలిగా ఉంది, అంతే.

వంటింట్లోకి వెళ్లి చెప్పాను.
ఇదలీనా పళ్లేన్ని తూకం మీదే పెట్టింది, చెప్పినట్టే.
గరిటె ముంచింది. వంచింది. మళ్లీ ముంచింది.
అంకెలు పరిగెత్తి పరిగెత్తి
ఎక్కడ ఆగాయో మేమిద్దరం చూడలేదు.

రెండు సగాలకు పదహారు యూరోలు,
ఒక పూర్తికి పద్నాలుగు.
బిల్లు మీద పూర్తి అని రాశాను.

రాత్రి లెక్క చూస్తూ యజమాని కొడుకు అడిగాడు:
"ఆరో బల్ల, ఒక్క మనిషి, ఒక పూర్తా? ఎవరు తిన్నారు?"
పిట్ట, అన్నాను.
అతను తూకం తుడుస్తున్నాడు, వినలేదు.