తెరిచి ఉండే వేళలు

బెరిక్‌లో మా వృద్ధాశ్రమం, రెండో అంతస్తు,
పద్నాలుగో గది.
సాయంత్రం మాత్రలిచ్చాక నోరా రాబ్సన్ అడిగేది,
“రేపు దారి ఎప్పుడు తెరుచుకుంటుంది?”
లిండిస్‌ఫార్న్ ద్వీపంలో పుట్టిన మనిషి.
తొంభై ఒకటో ఏట భర్త పేరు మరిచిపోయింది,
ఆటుపోట్లను మాత్రం మరవలేదు.

సొరుగులోంచి పోటు వేళల పుస్తకం తీసి చదివేదాన్ని:
మంగళవారం, ఉదయం ఏడూ ఇరవై నుంచి
మధ్యాహ్నం మూడూ అయిదు దాకా.
కళ్లు మూసుకుని వినేది,
నర్సాపురంలో మా అమ్మమ్మ దీనమ్మ
వాక్యం విన్నట్టు.
చివర్లో ఆమేన్ కూడా అనేది.
నేను నవ్వాపుకునేదాన్ని.

అప్పటికి నేను ప్రార్థన మానేసి పదకొండు నెలలు.
మానేయడమంటే
పెదాలు కదిలేవి, అంతే.
ఏజెంటుకు పన్నెండు లక్షలు పోసి చేరిన కంపెనీ
మూడో నెలలో బోర్డు తిప్పేసినప్పుడు
ప్రభువా, దారి చూపించు అన్నాను.
నిజం చెప్పొద్దూ,
దారంటే నా ఉద్దేశం
ఇంకో స్పాన్సర్‌షిప్ కాగితం.
కాగితం వచ్చింది.
దారి రాలేదు.

అమ్మమ్మ లేసు అల్లేది.
పువ్వు వంకర పోతే కత్తెర ముట్టేది కాదు.
తప్పిన ముడి దొరికేదాకా
దారం వెనక్కి లాగుతూనే ఉండేది,
మూడు రోజుల పని ఒళ్లో కుప్పగా రాలినా సరే.
“దారానికేం కాలేదే పిల్లా!”

మార్చిలో నోరా
మావాళ్ల మాటలో చెప్పాలంటే ప్రభువునందు నిద్రించింది.
సెలవు రోజు చూసుకుని, వేళ చూసుకుని
బస్సు దిగి ఇసుక అంచున బూట్లు విప్పాను.

కార్లకు వేరే రోడ్డుంది, నోరా దాన్ని లెక్కచేసేది కాదు.
అసలు దారి అంటే ఆమెకు
ఇసుక మీద మూడు మైళ్ల కొయ్యల వరుస.
గాలికి పడినవాటిని వాళ్ల నాన్న
చేపల వేట లేని రోజుల్లో మళ్లీ పాతేవాడట.
కూలి ఎవరిచ్చేవారో ఆమెకు గుర్తులేదు.

సగం దూరంలో సముద్రపు మంచు కమ్మింది.
ముందున్న ద్వీపం లేదు, వెనకున్న ఊరూ లేదు.
ఎక్కడో దిబ్బల మీద సీల్‌లు మూలుగుతున్నాయి,
శుభ శుక్రవారం మూడో గంటకు
మా సంఘం ఆడవాళ్లు తీసే రాగంలా.

ఆగాను.
ఆదివారపు బడిలో చెప్పిన గొంతు కోసం,
పేరుపెట్టి పిలిచే గొంతు కోసం.
పిలవలేదు.
ఒక కొయ్య కనబడింది.
నాచు పట్టి, నత్తగుల్లలు కరిచి,
ఎడమకు కాస్త వాలి.
చెయ్యేస్తే చల్లగా, జారుడుగా ఉంది.
ఎవరో పాతారు,
ఇటు నేనొస్తానని తెలియకుండానే.

అక్కడే నిలబడి
దారం వెనక్కి లాగాను.
కాగితం, కంపెనీ, ఏజెంటు, ఇంకా వెనక్కి...
ముడి దొరికింది.
పోటు నిండుగా ఉన్న వేళ గట్టు మీద నిలబడి
ఇక్కడ దారే లేదని తిట్టి
వెళ్లిపోయిన మనిషిని నేను.
నీళ్లు తీసేదాకా
కూర్చోలేకపోయాను.

ప్రభువా, అన్నాను.
తర్వాతి మాట దొరకలేదు.
వెతకనూ లేదు.
అరికాళ్లకు ఇసుక మడతలు గుచ్చుకుంటుంటే
తర్వాతి కొయ్య ఉండాల్సిన వైపు నడిచాను.

పద్నాలుగో గదిలో ఇప్పుడు ఆర్నల్డ్ ప్రింగిల్.
రైల్వేలో గార్డుగా చేశాడు. దేవుడంటే పడదు,
గంజి అంటే అసలే పడదు.
“సొరుగులో ఆ పుస్తకమేంటి?”
“చదవనా?”
“దేనికి?”
చదివాను.
గురువారం, తొమ్మిదీ పది నుంచి
నాలుగూ ముప్పావు దాకా.
ఆమేన్ అనలేదు.
దుప్పటి గడ్డం దాకా లాక్కుని,
“ఆ తర్వాత?” అన్నాడు.