తట్టి చూడు

వ్యాసర్‌పాడిలో నీళ్ల లారీ రాత్రి రెండింటికి వచ్చేది.
వీధి దీపం ఉండేది కాదు.
బిందె ఎంతవరకు నిండిందో
మా అమ్మ వేలి కణుపుతో తట్టి చెప్పేది.
ఠంగుమంటే ఇంకా గాలే,
ధబ్బుమంటే నీళ్లు.
రెంటికీ మధ్య ఎక్కడో గొంతు మారే చోటు ఒకటుంటుంది.
అక్కడ వేలు ఆపటం
నాకు ఏడేళ్లకే వచ్చు.

మెడికల్ కాలేజీలో మూడో ఏడు
తిలకవతి మేడమ్ నా చెయ్యి పట్టుకుని
ఒక రిక్షా తాత వీపు మీద పెట్టింది.
పైనుంచి కిందికి, ఎముకకీ ఎముకకీ నడుమ.
భుజం రెక్క దాటి రెండు వేళ్లు దిగానో లేదో
రాయి.
"నీరు" అన్నాను, ఎక్స్‌రే రాకముందే.
"ఎవరు నేర్పారమ్మా?"
ప్లాస్టిక్ బిందె అని ఎలా చెప్పను?

పరీక్షకని బీరువా తలుపుకి అంటించుకున్న కాగితం:
నిండు కుండ తొణకదు.
మనిషిని ఊపితే లోపల తొణికిందా,
నీటి మీద గాలి కూడా ఉన్నట్టు.
మెడ నరాలు ఉబ్బి, ఒకవైపు ఊపిరి వినబడక,
తడితే ఆ వైపే డప్పులా మోగితే
గాలి. బయటికి దారి దొరకని గాలి.
అదే వైపు మొద్దుగా పలికి, నరాలు అణిగిపోతే
రక్తం.
నరాలు ఉబ్బినా రెండు వైపులా ఊపిరి సరిగ్గానే ఉండి
గుండె మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడితే
రక్తం చేరింది గుండె చుట్టూ ఉన్న సంచిలో.
ఛాతీ అంతా లేచేటప్పుడు ఒక్క ముక్క లోపలికి పోతే
విరిగిన ఎముకల్ని లెక్కపెడుతూ కూర్చోకు,
వాటి కింద నలిగిన ఊపిరితిత్తిని చూడు.

ఒక గురువారం, మేడమ్ లైటు పెట్టె మీద ఫిల్మ్ తగిలించింది.
ఎంత అందంగా వచ్చిందో!
కుడివైపు మచ్చలేని నలుపు,
పిడికిలంత ముడుచుకున్న ఊపిరితిత్తి,
ఎడమకి నెట్టుకుపోయిన గుండె, పక్కకి ఒరిగిన గాలిగొట్టం.
"ఇందులో తప్పేమిటి?"
పోటీపడి చెప్పాం, అన్నీ చెప్పాం.
ఆవిడ వింటూ ఉండి, చివరికి తమిళంలో, నెమ్మదిగా,
"ఈ ఫిల్మ్ తియ్యటమే" అంది.

ఇంకెవరూ మాట్లాడలేదు.
ట్రాలీ కోసం ఆగటం, లిఫ్టు కోసం ఆగటం,
గాలి ఆడని వాడిని ఊపిరి బిగపట్టమనటం.
పదకొండు నిమిషాలట.
ఒక సూది చాలేది.

ఫిల్మ్ మూలన చిన్న అక్షరాలు.
పక్కనున్న కుర్రాడు "పెంజలయ్య" అని చదివాడు.
పెంచలయ్య, అన్నాను.
నెల్లూరు వైపు పేరు, కోనలో మొక్కుకుని పెట్టుకునేది.
దిద్ది ఏం లాభం?
అంతవరకూ మాలో ఒక్కరం కూడా
ఆ మూల చదవలేదు.

ఇవాళ పరీక్ష. పోరూరు దగ్గర సెంటరు,
స్వెట్టర్ తెచ్చుకోవాల్సినంత ఏసీ.
నూట నలభై మూడో ప్రశ్న:
ముప్ఫై ఎనిమిదేళ్ల పురుషుడు,
లారీకీ గోడకీ మధ్య నలిగాడు, బీపీ పడిపోతోంది,
కుడివైపు ఊపిరి శబ్దం లేదు,
తడితే మోగుతోంది.
తర్వాతి మెట్టు?
మొదటిది ఎక్స్‌రే. ఎప్పుడూ మొదటిదే, మర్యాదస్తుడిలా.
మూడోది సూది:
అయిదో సందు, చంక మధ్యగీతకి కాస్త ముందు.

ప్రశ్నల్లో మనుషులకి పేర్లుండవు.
నేను పెట్టుకుని
మూడోది నొక్కాను.
కానీ తర్వాతి ప్రశ్నకి వెళ్లలేకపోయాను.
మౌస్ వదిలేసిన చెయ్యి
బల్లని తడుతూనే ఉంది, ఒక చివర నుంచి ఇంకో చివరకి,
గొంతు మారే చోటు కోసం.

ఇన్విజిలేటర్ వచ్చి వంగి అడిగింది,
"ఏం చప్పుడమ్మా అది?"