ఇరవై ఐదు గ్రాముల లోడు

ఫ్రైడే మార్కెట్లో పాత బూట్ల పక్కన దొరికింది,
దినారున్నర. మూత లేని అట్టపెట్టె.
లోపల గూడ్సు వ్యాగను, ఇంకా వ్యాగను కాలేదు:
బూడిదరంగు ప్లాస్టిక్ కొమ్మలకి
కాయల్లా వేలాడే నూట పదిహేడు ముక్కలు.
కాగితం మీద రాత ఏ దేశానిదో.
బొమ్మలు చాలు నాకు.
మంగంపేట సైడింగులో ఆరేళ్లు
వీటి కడుపులు నింపినవాణ్ణే.

ఇప్పుడుండేది మంగఫ్‌లో.
ఊరి పేరు సగం నాతోనే వచ్చింది.
ఆరు మంచాలు, ఒక కిటికీ. పై మంచం నాది.
బోర్లించిన పళ్లెమే బల్ల.
గోళ్ల కత్తిరి, బ్లేడు ముక్క,
కనుబొమ్మలు పీకే పట్టకారు. అది కొన్నప్పుడు
షాపు మలయాళీ నన్ను ఎగాదిగా చూశాడు.

కొమ్మ నుంచి తుంచిన చోట పుట్టుమచ్చంత మిగులుతుంది.
గీకాలి. తొందరపడితే మూల విరుగుతుంది.
గమ్ము ఎక్కువైతే రివెట్లు మునిగిపోతాయి.
ఆవగింజలో సగముంటుంది ఒక్కో రివెట్టు.
అసలు వ్యాగను మీద వాటినెప్పుడన్నా చూశానా,
ఎండకి కాగి మోచేతిని చురుక్కుమనిపించినప్పుడు తప్ప?

మూడో రాత్రి స్ప్రింగు ముక్క పట్టకారులోంచి ఎగిరింది.
"ఎవురూ కదలాకండి!"
డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన పెంచలయ్య
ఒంటికాలి మీద నిలబడిపోయాడు.
షాషావలి నమాజు చాప మెల్లగా దులిపాడు.
ఫోను లైట్లేసి, నేలకి చెంపలానించి
అర్ధరాత్రి దాకా అందరం.
నా బనీనుకే అంటుకొని ఉండింది అది.

అప్పట్నుంచి అది గది వ్యాగను.
"యాడికి పోతాదిరా ఇది? ఈ దేశంలో పట్టాలే లేవు."
"నువ్వు యాడికి పోతాండావో ఆడికే"
అన్నాడు షాషావలి, ఉల్లిగడ్డ తరుగుతూ.

ఇటుకరంగు పూసి, తుప్పు కోసం టీపొడి నూరి అద్దాను.
అంకెలు గుండుసూది మొనతో.
మన వ్యాగన్లకి ఒక మూల చిన్న గడి ఉంటుంది,
తిరిగి పంపాల్సిన తేదీ.
గడి గీశాను. తేదీ వేయబోతుంటే
కింద మంచంలో ఎవరో దగ్గారు.
సూది పక్కన పెట్టేశాను.

కాగితంలో ఆఖరి బొమ్మ తక్కెడ. పక్కన 25.
ఖాళీది పట్టాలు తప్పుతుందని కాబోలు.
ఏం వేయాలని రెండు రోజులు:
బోల్టులా, చిల్లరా, వలకి కట్టే సీసమా?

రిగ్గు మీద నా పని బస్తాలు కోసి తొట్టిలో వంపడం.
నూనెబావిలోకి దించే బురదకి
బరువెక్కించే పొడి అది.
బస్తా మీద ఏ ఊరి పేరూ ఉండదు.
ఆరేళ్లు పళ్ల మధ్య కరకరమన్నది
మళ్లీ పంటి కింద పడితే తెలీదా?
ముగ్గురాయి.
నాకంటే ముందే వచ్చేసింది, ఏజెంటుకి పైసా కట్టకుండా.

గురువారం బూట్లు విప్పి పేపరు మీద దులిపాను.
కవరాల్ జేబుల మూలలు తిరగేశాను.
బక్కాలా వాడు యాలకులు తూచే త్రాసులో పెట్టి
"ఇరవై మూడు" అన్నాడు.
మిగతా రెండూ పెంచలయ్య బూట్లోంచి.

కిటికీ అద్దం జరిగే గాడికి రెండు అంచులున్నాయి.
చక్రాలు సరిపోలేదు, ఒక పక్క అగ్గిపుల్లలు పరిచాం.
రాత్రి ఏసీ గుర్రుమంటే గోడంతా వణుకుతుంది.

తెల్లారేసరికి వేలెడు జరిగి ఉంది.
ఎవరూ ముట్టుకోలేదంట.
షాషావలి కాసేపు చూసి
వెనక చక్రానికి ఒక అగ్గిపుల్ల అడ్డం పెట్టి
బస్సెక్కడానికి పోయాడు.