కొట్టివేత

పర్లాకిమిడి తహసీలు ఆఫీసు ఎదురుగా
మా కంప్యూటర్ కొట్టు.
ఇంగ్లీషు మీటలు నొక్కితే
తెర మీద తెలుగు మొలుస్తుంది,
వేరు అక్కర్లేని మొక్కలా.

ఎదుటి వరండాలో లింగరాజు పాత్రో గారు కూచునేవారు.
బోర్లించిన రేకుపెట్టె, దాని మీద అట్ట,
అట్ట మీద కాగితం.
నడిమివేలి కణుపు మీద శనగగింజంత కాయ,
సిరా ఇంకి ఇంకి నీలంగా.
బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు దిద్దిన చెయ్యి అది.
ఆయన తలకట్టు ఏనాడూ నిక్కి నిలబడలేదు.
ఒంగి, గుండ్రబడి,
ఒడియా అక్షరంలా గొడుగు పట్టేది.
పాతపట్నం ఆఫీసులో గుమస్తాలు
సంతకం దాకా పోకుండానే నవ్వేవారట,
"ఏటవతలి రాత" అని.

నా రాతా అంతే.
అందుకే టైపు నేర్చుకున్నాను.
మీటకి యాస లేదు.
నేను కొట్టిన కాగితం ఏ ఒడ్డుదో
ఎవరూ పోల్చలేరు.
అదో గొప్పనుకున్నాను, చాన్నాళ్ళు.

మొన్న గురువారం, వాన వెలిశాక
దాలమ్మ వచ్చింది.
సంచిలో సంచి, ఆ సంచిలో ఇంకో సంచి,
దాన్లోంచి మడతల దగ్గర విడిపోతున్న కాగితం.
ముప్పయ్యేళ్ళ నాటి అర్జీ నకలు.
ఇల్లు ఇటు, పొలం అటు,
మధ్యలో మహేంద్రతనయ,
ఎండాకాలం మోకాలైనా తడవని సరిహద్దు.
"అచ్చు కొట్టీ తల్లీ. ఉన్నదున్నట్టు."

కొట్టాను.
సర్వే నంబరు, సెంట్ల లెక్క,
'భర్త పని మీద సూరత్ వెళ్ళి యున్నాడు' అన్న మాటతో సహా.
వెచ్చగా ఉన్న కాగితం చేతికిచ్చాను.
ఆమెకి చదువు రాదు.
పైనుంచి ఒక్కో వరసా వేలితో దిగి
ఏడోదాని దగ్గర ఆగింది.
"ఇక్కడ గీతుండాల. ఏదీ?"

పాత కాగితం వెలుతురుకి పట్టి చూశాను.
ఏడో వరసలో
'చనిపోయినాడు' అని ఉంది.
దాని మీద అడ్డంగా, ఒకటి కాదు, రెండు గీతలు.
పక్కన ఇరుకులో సూరత్.

"మొగుడు నేడంటే బేగి పనవుతాదని
పాత్రో బాబు అలగ రాసేసినాడు.
నానొప్పుకోనేదు. ఏడిసినాను.
అప్పుడు కొట్టేసినాడు.
ఆ కలం గరగర ఇప్పటికీ ఇనిపిస్తాది."

తిరిగొచ్చాడా అని నేనడగలేదు.
ఆమె మెడ వైపు చూడకుండా ఉండటానికి
తెర వైపు చూశాను.

నా దగ్గర చెరిపే మీట ఉంది.
దానితో చంపినా జాడ ఉండదు,
బతికించినా జాడ ఉండదు.
తెర మీదే గీత లాగి చూపించాను,
వెంట్రుకవాసి వంకర లేకుండా.
ఆమె తల అడ్డంగా ఊపింది.
"ఇది ఆ బాబు సెయ్యి కాదు."

గీత కొట్టాలంటే
ముందు ఆ మాట రాయాలి.

సొరుగులో రసీదుల కలం. విదిలించాను.
ఆమె వేలు పెట్టిన చోట
ముప్పయ్యేళ్ళ తర్వాత ఆ మనిషిని మళ్ళీ చంపి,
వెంటనే,
చెయ్యి వణుకుతుండగానే, రెండు గీతలు.
గరగరకి ఆమె కళ్ళు మూసుకుంది.

పేజీకి పదిహేను.
"గీతలకేటియ్యాలమ్మా?" అని
కొంగుముడి విప్పుతోంది.

నేను కాగితం వైపే చూస్తున్నాను.
గీతల కింద నా 'చ',
తలకట్టు ఒంగి, గుండ్రబడి,
ఎవరికో
గొడుగు పట్టి ఉంది.