వందలోంచి ఏడు

వందలోంచి ఏడు తీసెయ్యండి, అన్నాడు డాక్టర్.
తొంభై మూడు, అంది కుముదిని.
మళ్ళీ ఏడు.
కిటికీలోంచి కార్ పార్కు చూస్తూ కూచుంది.
మళ్ళీ ఏడు తియ్యండి.
"నా ఎర్ర పెన్ను ఎవరు తీశారు?"
తెలుగులో అడిగింది,
హల్‌లోనే పుట్టి పెరిగిన డాక్టర్ థర్స్‌బీని.

ఇరవై రెండేళ్ళు ఈ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి.
చేపల పడవల వాళ్ళ మనవలు,
పోలండ్ నుంచి వచ్చినవాళ్ళ కూతుళ్ళు,
ఎవరికైనా లెక్కలు తలకెక్కవంటే ఒప్పుకునేది కాదు.
ఇప్పుడు తన తలకెక్కింది వేరే.
తిన్న పప్పులోంచే పుడుతుందట అమ్మోనియా,
కాలేయం దాన్ని వడగట్టాలట.
ఆ జల్లెడ కంతలు పూడి రాయయింది.
దారి దొరకని నెత్తురు చుట్టు తిరిగి
ఆ ఘాటును తిన్నగా మెదడుకు మోసుకుపోతోంది.
డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.
"బాణం గుర్తు వంకర," అని దిద్దబోయింది కుముదిని.

నాకు ముందే తెలియాల్సింది.
బాయిలర్ వెనక సీసాలు లెక్కపెట్టాను గానీ
మిగతావి లెక్కలోకి తీసుకోలేదు:
పగలంతా నిద్ర, రాత్రి మూడింటికి వంటింట్లో లైటు,
టీలో ఉప్పు,
ఈ సంతకం మీదేనా అని బ్యాంకు నుంచి ఉత్తరం.
ఒకరోజు బెవర్లీ రోడ్డులో
తెల్లటి టెలిఫోన్ బూత్ లోపల
(మా ఊళ్ళో అవి ఎర్రగా ఉండవు)
తీగ తెగిన రిసీవర్ చెవికి ఆనించి
ఎవరికో ఏడో ఎక్కం అప్పజెబుతోంది.
తాగి ఉందనుకున్నాను.
అప్పటికి నలభై రోజులుగా చుక్క ముట్టలేదు తను.
రెక్క పట్టుకుని లాక్కొచ్చాను, బస్సులో అందరి ముందూ తిట్టాను.
ఆ తిట్టు ఇంకా నా నోట్లోనే ఉంది.

చేతులు చాచమన్నాడు, ట్రాఫిక్ ఆపుతున్నట్టు.
చాచింది.
అరచేతులు వాలి, లేచి, మళ్ళీ వాలి,
రైలు వెళ్ళిపోయాక కూడా టాటా చెబుతున్నవాళ్ళలా.

మందు అనే అంటాం, ఆ సీసానీ ఈ సీసానీ.
ఇది తియ్యటి పాకం, పూటకు ముప్ఫై మిల్లీలీటర్లు,
విషాన్ని పేగుల్లోంచి కిందికి తోసేస్తుంది.
రోజుకు మూడుసార్లు వెళ్ళాలి.
ఒక్కసారయితే భయం, ఆరయితే ఇంకో భయం.
ఇన్నేళ్ళ కాపురంలో ఈ పద్దు రాస్తాననుకోలేదు,
కేలండర్ మీద గీతలు, పాలఖాతాలా.
దుప్పట్లు ఉతుకుతాను.
మొదట్లో ముక్కు మూసుకునేవాణ్ణి.

పొద్దున్నే కాగితం ఇస్తాను, నక్షత్రం గియ్యమని.
సోమవారం అది పీత.
మంగళవారం గాలికి తిరగబడ్డ గొడుగు.
బుధవారం గియ్యనంది. నన్ను సార్ అంది.

హంబర్ నది రోజుకు రెండుసార్లు వెనక్కి పారుతుంది.
బురద నీళ్ళు పోటెక్కి సముద్రంలోంచి ఊరివైపు వస్తాయి.
కొత్తగా వచ్చినప్పుడు వంతెన మీద నిలబడి
"ఇదేం నది, దిక్కు తెలీదు!" అని నవ్వింది తనే.

ఇవాళ శనివారం.
నక్షత్రానికి అయిదు మూలల్లో నాలుగు కలిశాయి.
పెన్ను కింద పెట్టి
చాలాసేపు నావైపే చూసింది.
"ఎనభై ఆరు," అంది.