రెండో కార్డు

ఆర్టీసీ బస్టాండు ఎదురుగా జిరాక్సు కొట్లో
నా పేరు రెండోసారి ప్లాస్టిక్కులోకి దూరింది.
వేడివేడిగా బయటికొచ్చింది, అప్పుడే దించిన అట్టు మాదిరి.
కె. దేశమ్మ, డయాలిసిస్ టెక్నీషియన్.
పద్నాలుగేళ్ల కిందటి నర్సు కార్డులో
రెండు జడలు. దీంట్లో కళ్లజోడు.

ఎందుకు మే ఈ వయసులో, అనింది ఎస్తేరు
లాకరు గదిలో సాక్సులు మార్చుకుంటా.
ఏం చెప్పేది?
పోయినేడు చిత్తూరులో ఇంటర్వ్యూ.
ఒకాయన నా ఫైలు తిప్పి తిప్పి
"జీఎన్ఎం ఒక్కటేనా?" అన్నాడు.
ఆ ఒక్కటేనా నాతోబాటే బస్సెక్కింది.
పూతలపట్టులో దిగుతుందనుకున్నా.
చంద్రగిరి దాటినా దిగలేదు.

వార్డులో రాత్రి రెండింటికి
మానిటర్లు తప్ప అందరూ నిద్రపోయినాక
పాత టెంపరేచరు చార్టు వెనకాల
సోడియం, పొటాషియం, నా గుండ్రటి అక్షరాలు.
తెల్లారి డ్యూటీ దిగి, మొహాన నీళ్లు కొట్టుకుని
కరకంబాడి రోడ్డులో క్లాసుకి.
సిటీబస్సులో, గుండు మీద గంధం ఇంకా ఆరని పిల్లోడు
నా పుస్తకంలోకి తొంగిచూసి
"ఇది అనపగింజా అక్కా?" అన్నాడు.
కిడ్నీ అని చెప్పబుద్ధి కాలేదు.

అర్ధపారగమ్య పొర.
నెలరోజులు నోరు తిరగలేదు.
దామలచెరువు పక్క పల్పు ఫ్యాక్టరీలో
మా చిన్నమ్మ సీజనంతా తోతాపురి కోస్తుంది.
ఉప్పు చల్లిన ముక్కలోంచి నీళ్లెట్ల దిగతాయో
ఆమె వాకిట్లో ఎన్నిసార్లు చూసుంటాను!
అదే మే ఇది, అని నాకు నేను చెప్పుకున్నాక
పొర పలికింది.

మిగతాది చెంగల్రాయుడు చెప్పినాడు.
మంగళ, గురు, శని. మూడో కుర్చీ.
నాలుగేళ్లుగా తన నెత్తురు
బయటికి పోయి మళ్లీ ఇంటికి రావడం చూస్తా ఉండే మనిషి.
"పుస్తకం మూయి పాపా, చెయ్యి పట్టు" అని
ఎడమచేతి ఫిస్టులా మీద నా వేళ్లు పెట్టుకున్నాడు.
అగ్గిపెట్టెలో తుమ్మెద.
"ఇది రొద చేస్తా ఉంటే నేనుండానని.
ఆగిందా, పరిగెత్తాల. నాకన్నా ముందు నువ్వు."

వైవాలో అదే అడిగినారు.
థ్రిల్ అంటే ఏమి?
పేజీ నంబరు గుర్తొచ్చింది, వాక్యం రాలేదు.
అగ్గిపెట్టెలో తుమ్మెద సార్, అన్నాను.
ఆయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.
ఏం రాసినాడో ఇప్పటికీ తెలీదు.
పాసైనాను. అరవై రెండు.

ఫీజుకి పాడుకున్న చీటీ
ఇంకా పదకొండు నెలలు కట్టాల.
ఇక్కడే ఉంటే నాలుగువేలు ఎక్కువ,
బెంగుళూరైతే రెండింతలంట.
లెక్క చెప్పింది ఎస్తేరే.
చెప్పి, గొంతు తగ్గించి,
ఆ క్లాసులు మళ్లీ ఎప్పుడు మే, అనింది.

శనివారం కార్డు చూపించినాను.
చెంగల్రాయుడు దూరంగా పట్టుకుని చదివినాడు,
దగ్గరగా పట్టుకుని చదివినాడు.
"బాగుంది. అయితే పోతావా?"

మిషను మీద ఇంకా మూడు గంటల పది నిమిషాలు.
లైను చూసినాను.
గాలిబుడగ లేదని తెలిసీ ఇంకోసారి చూసినాను.
సంచిలో రెండు దరఖాస్తులు, రెండూ నింపినవే,
సంతకం ఒక్కదాని మీదా లేదు.

"ముందు నువ్వు చెయ్యి కదిలించొద్దు" అన్నాను.
నా వేళ్లు మాత్రం తీయలేదు,
తుమ్మెద మీదనుంచి.