ఐదో నంబరు బూట్లు

వేకువ ఐదుంబావుకే స్టోరు తాళం తీస్తాను.
యూనివర్సిటీ గ్రౌండు మీద శేషాచలం నీడ
మడత విప్పని కంబళిలా ఉంటుంది.

బంగారుపాళెం పిల్ల, పేరు మొగిలీశ్వరి,
హాస్టలు నుంచి పరుగున వచ్చి
"ఐదో నంబరు, సార్" అంది మొదటిరోజు.
ఐదు లేవు. ఆరిచ్చాను.
బూటు ముక్కులో పాత పేపరు కుక్కుకుంది.

"దహినే ముడ్" అంటాడు గఢ్వాలీ హవల్దారు.
మొదటి వారం సగం మంది ఎడమకి తిరిగారు.
గ్రౌండులో కుక్కలు మాత్రం సరిగ్గా తిరిగాయి.

నీళ్ల డ్రమ్ము, రెండు పలకలు, ఒక మోకు:
అవే మాకు ఏరు, వంతెన, అవతలి గట్టు.
డ్రమ్ము దొర్లి మోచెయ్యి చీరుకుపోతే
రక్తం తుడుచుకోకుండానే
"ఇంకోసారి పెట్టండ్రా పలక" అంది.

బెంగుళూరు బోర్డు
ఐదురోజులు అట్టిపెట్టుకుని వెనక్కి పంపింది.

బూట్లు అప్పజెప్పడానికి వచ్చింది.
"నీ లోపమేందో చెప్పమన్నారు సార్.
బూట్లు పెద్దవని చెప్పలేకపోతిని."
తనే నవ్వింది.

ఇరవై రెండేళ్ల రిజిస్టరు ఇది.
ఇచ్చినవి, వచ్చినవి, చిరిగినవి.
ఎవరు ఆఫీసరయ్యారో రాసుకునే గడి
ఎవరూ గీయలేదు.

వాపసు గడి ఖాళీగా వదిలి పుస్తకం మూశాను.
"ఇంకో తూరి పోతావు గదమ్మా,
అప్పుడు చూద్దాంలే ఈ లెక్క."

గురువారం పొద్దున
పరేడు మొత్తం ఒక్కసారిగా మడమ కొట్టింది.
ఆ వెనకే,
రవ్వంత ఆలస్యంగా,
ఇంకొకటి.